చెట్ల గుమాస్తా

పన్నెండేళ్లు చెట్లకు నంబర్లు వేశాను.
చేతిలో తెల్లరంగు డబ్బా, చెవి మీద పెన్సిలు,
సైకిలు క్యారేజీకి బిగించిన లెక్కల పుస్తకం.
ఫిరంగిపురం దాటాక, గుట్టల కింద గులకరాళ్ల చేలల్లో
నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు.
చెట్ల గుమాస్తా వచ్చాడనేవాళ్లు.

ఎకరాకు నూట యాభై మొక్కలు
మూడు వేసవులు దాటి బతికితే
శిస్తులో సగం కొట్టేయాలని రూలు.
ఊరికి రోడ్డు పోయిస్తే, బడికి గది కట్టిస్తే
గుంటూరు కోల్డ్ స్టోరేజీ వాళ్లకూ పన్నులో కోత.
మిరప బస్తాల మీద వచ్చిన డబ్బు
కంకరై లారీలో మా వైపు రావడం
కళ్లారా చూసినవాణ్ణి.

బొబ్బర తెగులు తినేసిన మిరప చేలో
వేప, కానుగ, టేకు పెట్టాడు శౌరయ్య.
నీళ్లు మోసింది చెల్లెలు రాయపమ్మ.
మే నెల ఎండలో మొక్కకో చెంబు,
జ్వరం మనిషికి తాగించినట్టు
కొంచెం కొంచెంగా.
మొదటి ఏడు నేను వెళ్తే
నడుమెత్తు వేప మీద చెయ్యేసి
"ముందు దీనికెయ్యి సారూ" అంది.
ఒకటి వేశాను.

ఇప్పుడింక అబద్ధం ఎందుకు.
అన్నీ రాయపమ్మ మొక్కలు కావు.
పై వీధిలో ఒకాయన
నేనొచ్చే ముందురోజు కొమ్మలు విరిచి పాతించేవాడు.
వాడుతున్న ఆకుల కింద నంబర్లు రాశాను.
ఒకే చెట్టును తూర్పు నుంచి ఒకసారి,
పడమటి నుంచి ఒకసారి లెక్కపెట్టాను.
ఆ పూట వాళ్లింట్లో నాటుకోడి.
బాగుంది కూర.
ఇప్పటికీ నోరూరుతుంది,
అదీ నా సిగ్గు.

పోయిన మార్చిలో జీవో వచ్చింది.
రాయితీ రద్దు. రోడ్లకూ, గదులకూ కూడా.
కారణం ఒక్క ముక్కలో చెప్పారు:
తనిఖీలో సగం చెట్లు
కాగితాల మీదే కనిపించాయి కనుక.

ఆ "కనుక" దగ్గర నా వేలు ఆగిపోయింది.
అది నా చేతిరాత.
నా పుస్తకంలో పచ్చగా బతికినవి
నేల మీద బతికినవాటి మెడకు చుట్టుకున్నాయి.

రోడ్డు చప్టా దాకా వచ్చి ఆగింది.
కంకర గుట్ట మీద గడ్డి మొలిచింది.
బడి గదికి పునాది ఉంది,
పునాదిలో వాన నీళ్లు,
పిల్లల కంటే ముందే కప్పలు చేరి
ఒకే పాఠం వల్లె వేస్తున్నాయి.

నోటీసులివ్వడానికి నన్నే పంపారు.
శౌరయ్య కాగితం విప్పలేదు.
మడతలోనే దాని బరువు చూసి
"ఎంతని?" అన్నాడు.
చెప్పాను. పాత మాఫీ కూడా కలిపి.
చేలోకి చూస్తూ చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.
"టన్నెంత పలుకుతుందో తెలుసా సారూ?"

నెల తిరక్కుండా
మస్తాన్‌వలి ట్రాక్టరు వేబ్రిడ్జి ఎక్కింది.
దుంగల మీద నా అంకెలు, కొన్ని తలకిందులుగా.
బెరడుతో పాటు అవీ పెరిగాయి.
బక్కగా గీసిన ఏడు బాగా ఒళ్లు చేసింది.
నలభై ఒకటిలో ఒకటి నిలువునా చీలిపోయింది.
ఇన్నేళ్లూ లెక్కపెట్టాను వాటిని,
తూచడం చూడలేదు.

"ఈ నంబర్లేంది సారూ, కొట్టేయడానికి గుర్తా?"
కాదయ్యా, ఉంచడానికి.
ఆ మాట గొంతు దాకా వచ్చి
లోపలే ఉండిపోయింది.

ఒకటో నంబరు మాత్రం ట్రాక్టర్లో కనపడలేదు.
సాయంత్రం సైకిలేసుకుని వెళ్లాను.
మోళ్ల మధ్య ఒక్కటే నిలబడి ఉంది వేప,
మొదట్లో రాయపమ్మ, పక్కన కత్తిపీట.
నా అంకె ఉన్న చోట
అరచేతి మేర బెరడు లేదు.
"గీకేశా" అంది.
"ఇది మీ లెక్కలో లేదు ఇంక."

నేనేమీ రాసుకోలేదు.
గాయం దగ్గర జిగురు ఊరుతోంది.
చీమలు అప్పుడే
ఎక్కడం మొదలుపెట్టాయి.